సుబ్బారావు గారి బంగారు మందు, మా చెరువుల రొయ్య

ఏం ఉద్యోగం చేస్తావమ్మా అని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "రొయ్యల్లో మందు వెతుకుతానండీ" అని చెప్పేస్తాను. ఇంతకంటే వివరంగా చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. భీమవరంలో రొయ్యలకి పరీక్షలు చేసే ఒక ల్యాబులో ఎనలిస్టుని. పొద్దున్నే థర్మాకోల్ పెట్టెల్లో, ఐసు మధ్య, శాంపిళ్ళు దిగుతాయి. ఉండి, ఆకివీడు, కాళ్ళ, కైకలూరు లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి. తల తీసి, తోలు ఒలిచి, కండని మిక్సీలో మెత్తగా ఆడించి, అందులో యాంటీబయాటిక్ ఆనవాలు ఉందేమో చూడటం మా పని. చాలాసార్లు ఉండదు. ఉన్న రోజున కంప్యూటరు తెర మీద ఒక గీత సన్నగా పైకి లేస్తుంది. ఆ రైతుకి ఫోను చెయ్యాలంటే నాకు గొంతు పెగలదు.

"మేం ఏమీ వెయ్యలేదండీ." అందరూ అనే మాట ఇదే. మొదట్లో అబద్ధమనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవట్లేదు. షాపువాడు రొయ్య పేగుకి మంచి చేసే గట్ ప్రోబయోటిక్ అని ఇచ్చిన సీసా మీద లోపల ఏముందో రాసి ఉండదు. రాత్రి పదింటికి, రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత అలాగే మిగిలిపోయి, రొయ్య పేగు తెల్లబడి కనిపిస్తే, సీసా మీద అక్షరాలు చదివే స్థితిలో ఏ రైతూ ఉండడు. మందు మేతకి అంటుకునేలా చేసే జిగురు, బైండరులో కలుపుతాడు, మేతకి పట్టిస్తాడు, చల్లేస్తాడు.

మేం వెతికే వాటిలో క్లోరాంఫెనికాల్ ఒకటి. యూరప్‌కి పోయే రొయ్యలో అది కిలోకి 0.15 మైక్రోగ్రాములు దాటితే ఆ సరుకు వెనక్కి. 2022 నవంబరు దాకా ఆ హద్దు 0.3 ఉండేది, తర్వాత సగం చేశారు. 0.15 అంటే ఎంతో మా నాన్నకి ఒకసారి లెక్క కట్టి చూపించాను. ఒక్క గ్రాము క్లోరాంఫెనికాల్‌ని 6,600 టన్నుల రొయ్యల్లో సమంగా కలిపామనుకోండి, పెద్ద మిషను దాన్ని పట్టేస్తుంది. పెద్ద మిషనంటే ఎల్‌సీ-ఎంఎస్ఎంఎస్, పదార్థాల్ని విడదీసి బరువుని బట్టి గుర్తుపట్టేది. రైతులు అలాగే అంటారు, మేమూ అలాగే అనేస్తాం. నాన్న లెక్క విని, "అంత పిసరుకి ఇంత గొడవేంటమ్మా" అన్నారు.

అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే టెట్రాసైక్లిన్ జాతి మందులకి యూరపే కిలోకి 100 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఒకదానికి వంద, ఇంకోదానికి సున్నాకి ఇవతల. తేడా ఎక్కడుందంటే, క్లోరాంఫెనికాల్ బహు అరుదుగా, సుమారు పాతిక వేల నుంచి నలభై వేల మందిలో ఒకరికి, ఎముకల్లో మజ్జని ఎండబెట్టేస్తుంది. కొత్త రక్తం పుట్టదు. మోతాదు ఎక్కువైతే వస్తుంది, తక్కువైతే రాదు అని చెప్పడానికి వీల్లేని జబ్బది. అందుకని ఇంతవరకూ ఫరవాలేదు అనే గీత గియ్యడం ఎవరి వల్లా కాలేదు. గీత గియ్యలేనప్పుడు పూర్తిగా వద్దనడమే మిగిలింది. మరి 0.15 ఏమిటంటే, ల్యాబులు నమ్మకంగా పట్టుకోగలవని తీర్మానించి పెట్టుకున్న అంకె.

అదే క్లోరాంఫెనికాల్ పేరు ఎత్తితే మా నాయనమ్మ మొహం వెలిగిపోయేది. ఆవిడకి క్లోరోమైసిటిన్ అంటేనే తెలుసు. ఆవిడ పెద్దన్నయ్య మూడు వారాల జ్వరంతో పోయాడు. టైఫాయిడ్ అని ఇప్పుడంటాం. అప్పట్లో మందంటూ లేదు. లంఖణాలు, తడిగుడ్డ, వాకిట్లో మొక్కులు. ఇరవయ్యొక్క రోజులు దాటితే బతుకుతాడు, పేగు చిల్లుపడితే పోతాడు. కొన్నేళ్ళకి అదే జ్వరం చిన్న తమ్ముడికి వచ్చింది. నరసాపురం నుంచి డాక్టరుగారు తెప్పించిన గొట్టం మాత్రలు మింగించారు. వారంలో జ్వరం దిగి, పొట్లకాయ కూరతో పథ్యం పెట్టారట. ఆ ఇద్దరి మధ్యా ఏం మారిందని నాయనమ్మ ఎప్పుడూ అడగలేదు, దేవుడి దయ అనేది. మారింది ఇదీ: వెనిజులా దేశపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1947లో ఈ మందు తీశారు. మరుసటి ఏడు జోసెఫ్ స్మాడెల్ అనే అమెరికన్ డాక్టరు దాన్ని చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం మీద పరీక్షించడానికి కౌలాలంపూర్ వెళ్ళాడు. అక్కడ స్క్రబ్ టైఫస్ అనుకుని మందిచ్చిన కొందరికి నిజానికి ఉన్నది టైఫాయిడ్. వాళ్ళకీ నయమైంది. టైఫాయిడ్‌కి మందు ఉందని లోకానికి తెలిసింది అలా, రోగం తప్పు గుర్తించడం వల్ల.

ఇక మా ఊరి మనిషి సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన గురించి పాఠ్యపుస్తకాల్లో రాసేదంతా మళ్ళీ ఇక్కడ రాయను. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపమొచ్చి ఎంబీబీఎస్‌కి బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది, అన్నదమ్ములు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో పేగులు తిండిని ఒంటపట్టించుకోలేని స్ప్రూ జబ్బుతో పోయారు, అమెరికా వెళ్ళారు, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఎమ్మెస్సీలో మేం ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో ప్రాక్టికల్స్ చేశాం. నీలం రంగు వచ్చేదాకా టెస్ట్‌ట్యూబు పట్టుకుని నిలబడ్డప్పుడు, ఈ రెండో పేరు మా ఊరాయనది అని పక్కమ్మాయికి చెబితే నమ్మలేదు.

నాకు ఎక్కువగా కావలసిన భాగం ఆ తర్వాతది. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ కంపెనీ ల్యాబుకి వెళ్ళారు. తర్వాత పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకి వాడే హెట్రజాన్, ల్యుకేమియా అనే రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకి ఇచ్చిన మొదటి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్, అన్నీ ఆ ల్యాబు నుంచే. యాంటీబయాటిక్‌ల కోసం ఆయన దగ్గర పనిచేసిన వాడు బెంజమిన్ డగ్గర్. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్బై దాటాక మళ్ళీ ఉద్యోగంలో చేరిన వృక్షశాస్త్రవేత్త. దేశంలో తెలిసిన వాళ్ళందరికీ ఉత్తరాలు రాసి మట్టి పంపించమన్నాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బర్న్ ఫీల్డు, 23వ మడి నుంచి వచ్చిన మట్టిలో ఒక పసుపుపచ్చ సూక్ష్మజీవి కనిపించింది. అది తయారుచేసే మందూ పసుపే. బంగారం రంగు కాబట్టి ఆరియోమైసిన్ అన్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే పెద్ద. పెనిసిలిన్ పనిచెయ్యని చాలా క్రిముల మీదా ఇది పనిచేసింది, పైగా నోటితో మింగే మందు. దీనిలోంచి క్లోరిన్ పరమాణువును తీసేసి 1950లలో టెట్రాసైక్లిన్ చేశారు. 1994లో సూరత్‌లో ప్లేగని దేశమంతా హడలిపోయినప్పుడు మందుల షాపుల్లో దొరక్కుండా పోయింది ఆ గొట్టాలే. ఈ కుటుంబంలో ఇంకో తమ్ముడు డాక్సీసైక్లిన్. స్క్రబ్ టైఫస్‌కి ఇవాళ మన ఆసుపత్రుల్లో మొదట రాసేది అదే.

ఆరియోమైసిన్ గురించి 1948లో ప్రకటించారు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. యాభై మూడేళ్ళు.

ఆయన పోయాక నాలుగు నెలలకి, అదే కంపెనీలో, అదే మందుతో ఇంకో పని జరిగింది. నా ఉద్యోగానికి అసలు మూలం అక్కడుంది. థామస్ జ్యూక్స్ అనే శాస్త్రవేత్త కోళ్ళ మేత మీద పని చేసేవాడు. జంతుమాంసంలో ఉండి కోడిపిల్లల్ని త్వరగా పెంచే పదార్థమేదో వెతుకుతున్నారు. అది విటమిన్ బి12 అని తేలుతున్న రోజులవి. ఆరియోమైసిన్ తయారుచేసే సూక్ష్మజీవి బి12ని కూడా తయారుచేస్తుంది. మందు తీసేశాక తొట్టెల అడుగున మిగిలిన పిప్పి ఉంది కదా, పారబోసేదే, దాన్ని కోడిపిల్లలకి పెట్టి చూశారు. క్రిస్మస్ రోజున పనివాళ్ళకి సెలవిచ్చి జ్యూక్స్ ఒక్కడే వెళ్ళి పిల్లల్ని తూకం వేశాడట. పిప్పి తిన్నవి అన్నిటికంటే బరువు తూగాయి. బి12 వల్ల పెరగాల్సిన దానికంటే ఎక్కువ. రాబర్ట్ స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ కలిసి ఆరా తీస్తే, పిప్పిలో మిగిలిపోయిన రవంత ఆరియోమైసినే ఆ పని చేస్తోందని తేలింది. స్టోక్‌స్టాడ్ అంతకుముందు లెడర్లీలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసిన వాడు.

1950 ఏప్రిల్‌లో ఈ సంగతి న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. 1951లో మేతలో కలపడానికి అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. రోగం లేని కోడికి, రోగం లేని పందికి, రోజూ, మోతాదుకి చాలా తక్కువగా. చౌకగా మాంసం వచ్చింది, దాన్ని కాదనలేం. కానీ క్రిమిని చంపడానికి చాలని మోతాదు దానికి శిక్షణ ఇస్తుంది. ఈ సంగతి 1945లోనే నోబెల్ ఉపన్యాసంలో పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ చెప్పాడు, తక్కువ మోతాదు వాడితే క్రిములు మందుని తట్టుకోవడం నేర్చుకుంటాయని. అయిదారేళ్ళకే ఆ తక్కువ మోతాదుని సంచుల్లో నింపి అమ్మారు. జ్యూక్స్ మటుకు చివరిదాకా తన పద్ధతిని సమర్థించుకుంటూనే ఉన్నాడు.

అక్కడితో ఆగలేదు. చెబితే నవ్వొస్తుంది, 1955 నుంచి పదేళ్ళపాటు అమెరికాలో కోసిన కోళ్ళని ఈ మందు కలిపిన నీళ్ళలో ముంచి అమ్మారు, చెడిపోకుండా. చేపలకి వేసే ఐసులోనూ కలిపారు. ఆక్రనైజ్ చేసిన కోడి అని గొప్పగా ప్రకటనలు. 1966లో ఆపించారు. మా ల్యాబుకొచ్చే ఐసు పెట్టెలు చూసినప్పుడల్లా నాకు ఆ ప్రకటన గుర్తొస్తుంది. తప్పుడు పనైనా సరే మన చెరువుల దగ్గర మొదలు కాలేదు. తెల్లకోట్లు వేసుకున్న వాళ్ళు, కాగితం మీద అనుమతి తీసుకుని మొదలుపెట్టారు. రైతుని దొంగలా చూసే ఎగుమతి కంపెనీల బాబులకి ఈ చరిత్ర ఒకసారి చదివి వినిపించాలని ఉంటుంది.

మేతలో మందు మనిషిదాకా ఎలా వస్తుందో చూపించినవాడు స్టువర్ట్ లెవీ అనే అమెరికన్ డాక్టరు. మసాచుసెట్స్‌లో ఒక కుటుంబం పొలంలో మూడొందల కోడిపిల్లల్ని తెచ్చి, సగం వాటికి ఆక్సీటెట్రాసైక్లిన్ మేత, సగానికి మామూలు మేత పెట్టాడు. వారం తిరక్కుండానే మందు తిన్న కోళ్ళ పేగుల్లో క్రిములు ఆ మందుకి లొంగడం మానేశాయి. తర్వాత వేరే మందులకీ లొంగలేదు, అవి మేతలో లేకపోయినా. అయిదారు నెలలకి ఆ ఇంటి మనుషుల పేగుల్లోనూ అలాంటి క్రిములే. వాళ్ళు ఆ మందు మింగలేదు. 1976లో అచ్చయిన పని ఇది. మేత ఆపేశాక ఆరు నెలలకి చాలామందిలో తగ్గిపోయాయి కూడా. ఈ చివరి మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

క్రిమి ఏం చేస్తుందంటే, టెట్రాసైక్లిన్ లోపలికి రాగానే పంపు పెట్టి తోడేసినట్టు బయటికి తోసేస్తుంది. ఆ పంపు ఎలా కట్టాలో రాసి ఉన్న చిన్న డీఎన్ఏ చుట్టని పక్క క్రిమికి ఇచ్చేస్తుంది, పక్కింటికి కూర గిన్నె పంపినట్టు. పక్క క్రిమి తన జాతే కానక్కర్లేదు. చెరువులో ఉండే విబ్రియో అనే క్రిమి నుంచి ఇంకోదానికి, దాన్నుంచి మనిషి పేగులోని దానికి చేరొచ్చు. ఒకే చుట్టలో నాలుగైదు మందుల విరుగుళ్ళు కూడా ఉండొచ్చు. లెవీ కోళ్ళలో జరిగింది అదే.

మా దగ్గరికొస్తే, నాన్న టైగర్ రొయ్య వేసిన కాలంలో, తొంభైల్లో, చెరువు గట్టు మీదే మందుల కొట్లుండేవి. 1994-95లో తెల్లమచ్చ వచ్చి కోస్తా అంతా తుడిచిపెట్టుకుపోయింది. తెల్లమచ్చ వైరస్. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చెయ్యలేదు. అది అప్పుడు గట్టు మీద చెప్పినవాడు లేడు. ఎవరేం చెబితే అది కొని పోశారు, నాన్న కూడా పోశారు. ఆయన దాచరు, "చచ్చిన రొయ్యకి సెలైన్ పెట్టాం" అంటారు. అప్పటికి వాటి మీద నిషేధం కూడా లేదు. 2001-02లో యూరప్‌లో ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ దొరికి గొడవైంది, 2002లో మన దేశంలోనూ రొయ్యల సాగులో వాడకూడని మందుల జాబితా వచ్చింది. 2009లో వెనామీ అనే రొయ్య రకం వచ్చాక చెరువులు మళ్ళీ నిండాయి. 2016లో యూరప్ మన లోడుల్లో పది శాతాన్ని తనిఖీ చేసేదల్లా యాభై శాతానికి పెంచింది. మా ల్యాబుకి పని పెరిగింది.

రిపోర్టు రేపిస్తామంటే రైతులకి కోపమొస్తుంది, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టడానికి, వల సిద్ధంగా ఉంటుంది, కొనేవాడు లారీతో నిలబడి ఉంటాడు. నైట్రోఫ్యూరాన్‌లని మేం వెతికే ఇంకో నిషేధిత మందుల జాతి ఉంది, వాటి పరీక్షకి రాత్రంతా పడుతుందండీ, మేం కావాలని ఆపం. ఆ మందు రొయ్య ఒంట్లోకి వెళ్ళిన కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది. మందు పోయినా విరిగిన ముక్క కండలోని ప్రొటీన్‌ని పట్టుకుని వారాల తరబడి కూర్చుంటుంది. ఆ ముక్కని విడదియ్యడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది మిషనుకి కనిపించేలా చెయ్యడానికి ఇంకో రసాయనం కలిపి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. పొద్దున్న ఇథైల్ ఎసిటేట్‌లోకి లాగి, ఆరబెట్టి, అప్పుడు మిషనుకి ఎక్కించాలి. తొందరపెడితే తప్పు అంకె వస్తుంది, తప్పు అంకెతో పోయేది రైతు బతుకే. ఇంకో చిక్కుంది. ఆ ముక్కల్లో సెమీకార్బజైడ్ అనేది ఏ మందూ వెయ్యకపోయినా రొయ్య పెంకులో సహజంగానే ఉంటుంది. అందుకే తోలు పూర్తిగా ఒలవమని కొత్తగా చేరిన పిల్లల మీద నేను కేకలేస్తాను.

ఇంత నేర్చుకున్నాక నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటుంది. మా మిషను మందు మిగిలిందా అని చూస్తుంది. క్రిమి ఏం నేర్చుకుందో చూడదు. పట్టుబడికి నెల ముందు మందు ఆపేస్తే చాలా మందులకి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, సరుకు దర్జాగా ఓడెక్కుతుంది. పంపులు కట్టడం నేర్చుకున్న విబ్రియోలు మాత్రం ఇక్కడే, చెరువు అడుగు బురదలో, అక్కడి నుంచి డ్రెయిన్లో, అక్కడి నుంచి ఉప్పుటేరులో. యూరప్ వాడి పళ్ళెంలోకి వెళ్ళే రొయ్యకి 0.15 అని ఇంత పట్టింపు. ఆదివారం మన మార్కెట్లో అమ్మే చేపకి ఆ పట్టింపులో పదో వంతు కూడా చూడలేదు నేను.

మరి మందు వెయ్యకుండా ఎలా పెంచాలి అని రైతులు అడుగుతారు. నాన్న చేసింది చెబుతాను, అందరికీ కుదురుతుందని కాదు. ఎకరానికి వేసే పిల్లల్ని తగ్గించారు. పంటకీ పంటకీ మధ్య చెరువు పగుళ్ళిచ్చేదాకా ఎండబెడతారు. వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించని సీడు, అంటే రొయ్యపిల్లల్ని, దింపరు. చెక్ ట్రేలో మేత మిగిలితే మందు కోసం పరిగెత్తకుండా ముందు మేత తగ్గిస్తారు. బిల్లు ఇవ్వని కొట్లో దేన్నీ కొనరు. లాభం తగ్గిందా అంటే బాగున్న ఏడు తగ్గింది. బాగోలేని ఏడు పక్క చెరువుల వాళ్ళంత నష్టం రాలేదు.

పోయిన నెల మా మేనేజరు గారిని అడిగాను, మార్కెట్లో నాలుగు శీలావతులు, నాలుగు బొచ్చెలు కొనుక్కొస్తాను, ఖాళీగా ఉన్నప్పుడు మిషనుకి ఎక్కిద్దామా సార్ అని. ఆయన మంచివారే, కసురుకోలేదు. ఒక్కో పరీక్షకి రసాయనాల ఖర్చెంతో చెప్పి, "చేద్దామమ్మా, కానీ రిపోర్టు ఎవరి పేరు మీద రాద్దాం? బిల్లు ఎవరికి పంపుదాం?" అన్నారు. నాకు ఏ పేరూ తోచలేదు. ఆ ఆదివారం శీలావతి తెచ్చాను, పులుసు పెట్టుకున్నాం.